కాపితే పలికే గిటారు

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో పాట తెలిసిన క్రైస్తవులు నలుగురు కూడితే, పంటల సంగతీ పిల్లల సంగతీ అయిపోగానే మాట ఎవరి చేతికి మొదటి వాద్యం ఎలా వచ్చిందన్న దగ్గరికే పోయేది. అందరిలోకీ ఎక్కువ చెప్పేవాడు చిన్న మంగళారం పౌలు. నిజాం రాజ్యం పోయే నాటికి అతని ఒళ్లో సికింద్రాబాద్ నుంచి తెచ్చుకున్న మంచి గిటారు ఉంది. అయినా దాన్ని నిమురుతూ పాతదాన్నే పొగిడేవాడు. రెండో పెళ్లి చేసుకుని మొదటి పెళ్లాన్ని తలుచుకునేవాడిలా ఉన్నావని భార్య పద్మమ్మ ఎన్నిసార్లు దెప్పినా సిగ్గుపడలేదు. చెప్పిన ప్రతిసారీ ఓ పిడికెడు కలిపేవాడు కూడా. ఆ కలిపింది తీసేస్తే మిగిలే కథ ఇది. మిగిలింది తక్కువేం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది అది. అప్పటికి పౌలుకు ముప్పై దాటలేదు. మొయినాబాద్ తోవలో ఉన్న చిన్న దవాఖానలో నీళ్లు మోసే పని. ఆ దవాఖాన నర్సు దొరసాని సాయంత్రం పని ముగిశాక అరుగు మీద కూర్చుని గిటారు వాయించేది. దాన్ని ఊళ్లో వాళ్లు దొరసాని కిన్నెర అనేవాళ్లు. పౌలు బిందెలు దించడం మరిచి అలాగే నిలబడిపోయేవాడు. ఒకనాడు ఆమె నవ్వి, రమ్మని పిలిచి, అతని మొద్దు వేళ్లను తీగల మీద తనే సర్ది పెట్టింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అతనికి మూడు పట్లు, అంటే తీగలను కలిపి నొక్కే తీరులు మూడు, వచ్చాయి. మూడంటే మూడే. కానీ ఆ మూడింటితో తమ ప్రార్థన గుడిలో పాడే పాటల్లో సగానికి పైగా దొరికిపోతాయని తెలిసిన రోజు, పౌలు ఇంటిదాకా ఖాళీ చేతుల్లోనే గిటారు వాయించుకుంటూ నడిచాడు.

యుద్ధం వల్ల దొరసానికి స్వదేశం నుంచి పిలుపు వచ్చింది. పోతూ పోతూ గిటారును చిన్న మంగళారం సంఘానికి ఇచ్చింది. సంఘానికి పెద్ద దిక్కు ఉపదేశి శాంతయ్య. ఆరాధన నడిపేదీ, పిల్లలకు అక్షరాలు నేర్పేదీ, తగువులు తీర్చేదీ అతనే. అతని ఆలోచన అతనిది. ఇక్కడ దీన్ని పట్టుకోవడం ఎవరికి వచ్చు, పట్నంలో బోర్డింగు బడి ఉంది, నేర్పేవాళ్లున్నారు, అక్కడికి పంపితే నలుగురు పిల్లలు బాగుపడతారన్నాడు. అందరూ తలలూపారు. పౌలు మాత్రం ఊపలేదు.

"చిన్నాయినా, క్రిస్మస్ ఆరాధనల నేను వాయిస్త. వాయించకపోతే ఆ మర్నాడు నువ్వే బండికెక్కియ్యి, నేను నోరెత్త."

శాంతయ్య సరేనని, అప్పటిదాకా గిటారును అతని చేతికే ఇచ్చాడు. పండుగకు ఇంకా నెల పైచిలుకు ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ నడవదు. ఆ గుడిలో అప్పటిదాకా ఏ వాద్యమూ లేదు. వాయించే చేతులు లేకనా? అబ్బే. ఆ వాడలో ప్రతి ఇల్లూ డప్పు ఇల్లే. పౌలు తండ్రి బుచ్చయ్య డప్పు పడితే పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో ఎడ్లు చెవులు రిక్కించేవంటారు. కానీ ఆ డప్పుతో పాటే వెట్టి వచ్చేది. పటేలు ఇంట పెళ్లయినా చావయినా, కూలీ లేకుండా, తిండి వేళ చూడకుండా పోయి కొట్టాలి. శాంతయ్య తండ్రిని జ్వరంతో ఒళ్లు కాలుతుండగా లేపుకుపోయి రాత్రంతా కొట్టించారు. ఆయన మళ్లీ కోలుకోలేదు. శాంతయ్య ఉపదేశి అయ్యాక మొదట చేసిన కట్టుబాటు అదే. చేతిల డప్పు ఉంటే గడపల వెట్టి పిలుపు ఉంటదన్నాడు. వాడంతా డప్పులు తీసేసింది. గుడిలోకి డప్పు రాకూడదు, ఇంట్లోనూ ఉండకూడదు. బుచ్చయ్య కూడా వెట్టికి పోవడం మానేశాడు గానీ, డప్పును పారేయడానికి చేతులు రాలేదు. లోపలి గదిలో, తోలు మొహం గోడ వైపు తిప్పి, చిలక్కొయ్యకు తగిలించి పెట్టుకున్నాడు. శాంతయ్యకు ఈ సంగతి తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

గిటారు ఇంటికి వచ్చిన నాటి నుంచి బుచ్చయ్య దానివైపు చూడలేదు. కొడుకు వాయిస్తుంటే లేచి బయటికి పోయేవాడు. అతని బాధ అతనికి ఉండదా మరి? తన వాద్యం గోడకు మొహం తిప్పుకుని ఉంటే, దొరసానిది నులకమంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది.

పౌలు రోజూ తెల్లవారుజామున, దవాఖానకు పోయేముందు సాధన చేసేవాడు. చలి ముదిరింది. ఒకనాడు మంచు దట్టంగా పట్టింది. తీగలు మీటితే, తడిసిన గోనె మీద కొట్టినట్టు మూగగా పలికాయి. పౌలుకు చిరాకెత్తింది. చలికి వాద్యం మెత్తబడితే ఏం చెయ్యాలో అతనికి ఒకరు చెప్పాలా? బుద్ధి తెలిసిన నాటి నుంచి చేసిన పనే. వాకిట్లో ఇంత వరిగడ్డి వేసి మంట పెట్టాడు. డప్పును కాపినట్టే గిటారు వీపును మంటకు చూపి, అటూ ఇటూ తిప్పుతూ కాపసాగాడు. తోలయితే సెగ తగిలి బిగుస్తుంది, మోత లేస్తుంది. అది చెక్క అనీ, జిగురు మీద నిలబడిందనీ అతని బుద్ధికి తెలుసేమో గానీ చేతులకు తెలియదు.

టప్పుమంది. వీపు చెక్క ఒక పక్కన అంచు వదిలి పైకి లేచింది. జిగురు ఇంకా వేడిగానే ఉంది కదా, అదిమితే అతుక్కుంటుందనుకుని పౌలు దాన్ని నేల మీద బోర్లా పెట్టి మోకాలుతో నొక్కాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. చెక్క నిలువునా చీలి మూడు ముక్కలైంది.

పద్మమ్మ పరుగెత్తుకొచ్చి చూసి, పిడకలు అక్కడే పడేసి, అతని పక్కన కూలబడింది. ఎలుకలు కొరికాయని చెబుదామంది. ఎలుకలు మోకాలేసి విరగ్గొడతాయా అన్నాడు పౌలు. పోనీ వాయించడం చేతకాలేదని గిటారును అలాగే దుప్పట్లో చుట్టి బండెక్కించేద్దామంది. అప్పుడు పౌలు తలెత్తాడు. ఏడుస్తున్నాడు, కానీ గొంతు గట్టిగానే ఉంది.

"వాయిస్తనని చెప్పిన. పగిలిందని చెప్పలే. వాయించినంకనే అన్నీ చెప్త."

ఆ రోజే గిటారును గోనెలో చుట్టుకుని హిమాయత్‌నగర్ వడ్రంగి వడ్ల ఎల్లేశ్ దగ్గరికి నడిచాడు. ఎల్లేశ్ బండి చక్రాలు చేయడంలో గట్టివాడు. ముక్కలు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, నోరు చప్పరించాడు. ఇంత పలుచని పలకను తన బాడిసె చెక్కలేదు, అతికిద్దామన్నా అంచులు పిప్పి అయిపోయాయి, అబద్ధం చెప్పి నీ పని చెడగొట్టలేనన్నాడు. మంచివాడు కాబట్టి ఆ మాట నమ్మక తప్పలేదు. పౌలు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గిటారును మంచం మీద పెట్టి, తీగల వైపు మూడు పట్లూ పట్టి చూశాడు. వీపు లేని గిటారు, గాలి మింగినట్టు కీచుమంది. అయినా ఆపలేదు. పట్లు మరిచిపోతే మిగిలిన ఆ కాస్తా పోతుందని, వేళ్లు మండేదాకా పట్టుకుంటూనే ఉన్నాడు.

ఎప్పుడు వచ్చాడో బుచ్చయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈసారి బయటికి పోలేదు. దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లలో మొదటిసారి గిటారును చేతిలోకి తీసుకుని, తిప్పి, ఖాళీ లోపలికి తొంగి చూశాడు. వేలితో ముందుచెక్క మీద కొట్టి విన్నాడు.

"కడుపు మంచిగనే ఉన్నది. వీపే పోయింది," అన్నాడు. లోపలి గదిలోకి పోయి చిలక్కొయ్య మీది డప్పు దించుకుని వచ్చాడు.

పౌలు వద్దన్నాడు. కట్టుబాటు సంగతి అటుంచి, అది తండ్రి ప్రాణమని అతనికి తెలియంది కాదు. ఊరి మీద ఏ మేక తోలైనా అడిగి తెస్తానన్నాడు. పచ్చి తోలు ఊరి పదునుకొచ్చేసరికి నీ పండుగ పోయి సంక్రాంతి వస్తదని ముసలాయన కసిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"గోడకు ఏలాడి ఏలాడి దీనికి చెవుడొచ్చింది, బిడ్డా. ఎట్లయిన పలకనీ."

ఇక ఆ ఇంట్లో పని మొదలైంది. బుచ్చయ్య డప్పు తోలును నీళ్లలో నానబెట్టి, చట్రం నుంచి చిరగకుండా ఒలిచాడు. పద్మమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి నూరి, జిగురు వండింది. డప్పుకు తోలు అంటించేది ఆ జిగురుతోనే. నానిన తోలును గిటారు వీపు మీద పరిచి, అంచులు పక్కలకు మడిచి అంటించి, తడి తోలు వార్లతో చుట్టూ బిగించి కట్టారు. వార్లు ఆరేకొద్దీ బిగుస్తాయి, తోలునూ బిగిస్తాయి. నీడలో ఆరబెట్టి, ఆరినంతసేపూ ముసలాయన ఎలుక రాకుండా కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. తోలు ఖణీమన్నాక పౌలు తీగ మీటాడు. దొరసాని గిటారు పలికినట్టు కాదు. కింద ఎక్కడో ఒక బరువైన మోత, పైన తీగల మాట. పద్మమ్మ రోట్లో నూరడం ఆపి వింది. బుచ్చయ్య మాత్రం, మంటకు వీపే చూపాలె, కడుపు చూపొద్దని ఒక్క మాట చెప్పి బయటికి పోయాడు.

క్రిస్మస్ నాడు తెల్లవారకముందే సంఘమంతా ఇంటింటికీ పాడుకుంటూ తిరిగింది. ఆరాధనలోనే వాయిస్తానని పౌలు గిటారును గోనెలోనే మోసుకుని తిరిగాడు. అదే కొంప ముంచింది. మంచు గోనెను తడిపింది, గోనె తోలును తడిపింది. వెలుగు వచ్చే వేళకు అందరూ గుడి ముందు చేరారు. చలికి వణుకుతున్న వాళ్ల కోసం అక్కడ కట్టెల మంట వేశారు. ఆరాధన మొదలవబోతోందని శాంతయ్య పిలిచాడు. పౌలు గోనె తీసి, వీపును ఒంటికి ఆనించి దాచుకుంటూ, మెల్లగా తీగ మీటి చూశాడు. బొబ్బ్ అంది. తోలు సడలిపోయింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే అని ఎవరో వెనక నవ్వారు. పౌలుకు ముందు రెండే దారులు. ఈ చచ్చిన మోతతో లోపలికి పోయి ఓడిపోయి గిటారును బండెక్కించడం. లేదా అందరి ముందూ మంట దగ్గర కూర్చుని వీపు చూపించడం. చూపిస్తే డప్పు గుట్టు బయటపడుతుంది. తన గిటారు సంగతి సరే, ఇన్నేళ్లూ డప్పు దాచిన తండ్రి పరువు కూడా పోతుంది. గుంపులో బుచ్చయ్య కోసం వెతికాడు. ముసలాయన చివర నిలబడి ఉన్నాడు. కొడుకు చూపు కలవగానే, గడ్డాన్ని మంట వైపు ఒక్కసారి ఎగరేశాడు.

పౌలు మంట ముందు మోకాళ్లూని, గిటారు వీపును సెగకు తిప్పాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఆ తోలు ఏమిటో, ఆ తిప్పడం ఏమిటో అక్కడున్న ఏ ఒక్కరికీ చెప్పనక్కర్లేదు. శాంతయ్య గుడి మెట్లు దిగి వచ్చాడు. పౌలు లేవలేదు, తిప్పడం ఆపలేదు.

"తప్పు నాదే, చిన్నాయినా. డప్పులెక్క కాపితే చెక్క పగిలింది. బాపు తన డప్పు తోలు ఏసిండు. గుళ్లెకు రావద్దంటే బయటనే వాయిస్త. కని వాయిస్త."

శాంతయ్య చెయ్యి చాచాడు. పౌలుకు ఇవ్వక తప్పలేదు. ఉపదేశి గిటారును తిప్పి, ఆ తోలును చాలాసేపు చూశాడు. బుచ్చయ్య డప్పు తోలును అతను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? చిన్నప్పుడు తన తండ్రి పక్కన ఆ డప్పు మోగుతుంటే చిందులేసినవాడే. కట్టుబాటు పెట్టిన నాటి నుంచీ ఏ తోలునూ ముట్టుకోని ఆ వేలు లేచి, నడిమధ్య ఒక దెబ్బ కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇంక కాగలే," అన్నాడు. "నడుమ మెత్తగనే ఉన్నది."

అని తనే మంట ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులతో పట్టి, సెగకు దూరం చేస్తూ దగ్గర చేస్తూ తిప్పసాగాడు. చేతులు మరిచిపోలేదు. కళ్లలో నీళ్లు పొగ వల్ల వచ్చాయని అనుకోవడానికి గాలి అటు వీయడం లేదు. విమలమ్మ, అతని భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోలు మళ్లీ ఖణీమన్నాక శాంతయ్య తలెత్తి, గుంపు చివర ఉన్న ముసలాయన వైపు చూశాడు.

"బుచ్చన్నా, దీన్ని ఇప్పుడు ఎవడు పిలుస్తడే?"

బుచ్చయ్య తడుముకోలేదు.

"ఇగ మనమే పిలుసుకోవాలె."

శాంతయ్య గిటారును పౌలు చేతుల్లో పెట్టి, ముందు నడిచి గుడి తలుపు పూర్తిగా తీశాడు. పౌలు మొదటి పాట ఎత్తుకున్నాడు. రెండో పట్టు తప్పాడు కూడా, ఎవరూ పట్టించుకోలేదు. ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునే బుచ్చయ్య ఆ రోజు ముందు వరుసకు వచ్చి కూర్చున్నాడు. పట్నం బండి ఆ మర్నాడు ఖాళీగా పోయింది.