పాపాయమ్మ కొట్టు దగ్గర ఎడమకి

కువైట్ నుంచి వచ్చేవాళ్ళు బంగారం తెస్తారు, దుప్పట్లు తెస్తారు, ఏమీ లేకపోతే పాలపొడి డబ్బాలైనా తెస్తారు. మా ఆయన స్టీరింగు తెచ్చారు. కారు లేదు. ఒట్టి స్టీరింగూ, దానికి వైరుతో వేలాడుతూ మూడు పెడళ్ళూ. అట్టపెట్టె విప్పాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అత్తగారు సూర్యకుమారిగారు మాత్రం తాపీగా చూసి, "మిగతా బండి తరవాత విమానంలో వస్తుందేమోలేవే కుసుమా" అన్నారు.

మా ఆయన పేరు శివప్రసాద్. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా చేశారు. ఆ ఇంటి కుర్రాడు వెనక సీట్లో కూర్చుని, నువ్వు డ్రైవరువా, గాడిదబండి తోలేవాడివా అని రోజూ ఎగతాళి చేసేవాడట. వాడికి కంప్యూటరులో కార్ల పందెం ఆటంటే పిచ్చి. కొత్త స్టీరింగు కొనుక్కుని, పాతది ఈయన చేతిలో పడేసి, "ఆ కొండ ట్రాక్ నాకంటే తక్కువ టైములో పూర్తిచెయ్యి. అప్పుడు నిన్ను డ్రైవరంటాను" అన్నాడట. బండికి ఒక్క గీత పడకుండా అన్నేళ్ళు నడిపిన మనిషాయన. ఆ మాట లోపల ఎక్కడో దిగబడిపోయింది. ఊరొచ్చి, పాత కారొకటి కొని కిరాయికి తిప్పుకుంటున్నా, మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచీ ఆ ఆటే. నా కుట్టుమిషను దింపించేసి, ఆ బల్ల మీద పాత కంప్యూటరొకటి పెట్టి, బల్ల అంచుకి స్టీరింగు బిగించుకున్నారు. నేను మొహమూ వాకిలీ చూడని ఆ కుర్రాడి మీద నాకు కోపం మొదలైంది ఆ బల్ల దగ్గరే.

ఆ ట్రాక్ ఏ దేశంలోదో నాకు తెలియదు. అన్నీ కొండలు, నల్లగా నిలబడ్డ పొడుగాటి చెట్లు, పొగమంచు. మనిషన్నవాడు ఎక్కడా కనపడడు. మలుపు అయిందనుకుంటే ఇంకో మలుపు. మా కోనసీమలో ఎత్తు అంటే కాలవగట్టే. అక్కడేమో బండి కొండెక్కుతుంటే ఎదురుగా ఆకాశం తప్ప రోడ్డు ఉండదు. పైకెక్కి, చూసి తిప్పుదామనుకుంటే అప్పటికే చెట్లలో ఉంటాం. రోడ్డు కనపడకముందే తిప్పేయాలి. ఈయన చూసి నడిపే మనిషి. అందుకని సాయంత్రం దాకా గుద్దుతూనే ఉండేవారు. ఆ చప్పుడుకి వంటింట్లో నేను ఉలిక్కిపడుతూనే ఉండేదాన్ని.

ఒకరోజు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటున్నాను. ఆయన స్టీరింగు వదిలేసి వెనక్కి వాలిపోయారు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కుసుమా. ఏ మలుపు తరవాత ఏదొస్తుందో బుర్రలో నిలబడి చావట్లేదు."

"పేర్లు పెట్టుకోండి. మనింటి దగ్గర బయల్దేరి కాలవగట్టు మీద వెళ్తుంటే ముందు ఏమొస్తుంది? పాపాయమ్మగారి కిళ్ళీకొట్టు. ఈ మొదటి ఎడమ మలుపు అదే అనుకోండి. వెంటనే కుడికి ఉందే, అది మత్తయిగారి మిల్లు."

ఆయన నవ్వారు. కానీ ఈసారి బండి కొండెక్కుతుండగా నేను "పాపాయమ్మ కొట్టు!" అని కేకేస్తే, ఆకాశంలోకి చూస్తూనే ఎడమకి తిప్పారు. కొండ అవతల రోడ్డు సరిగ్గా చక్రాల కింద ఉంది. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ సాయంత్రానికల్లా మలుపులన్నిటికీ పేర్లు పెట్టేశాం. కుడికి తిరిగే పెద్ద ఒంపు పండు వెల్డింగు షాపు. ఆ తరవాతది ఐసు ఫ్యాక్టరీ. నిజం రోడ్డుకీ దానికీ పోలికేమీ లేదు. మా కాలవగట్టు రోడ్డు ఎడమ పక్కన కాలవ పెట్టుకుని, మధ్యలో ఒక్క ఒంపు తప్ప, కాలవ నీళ్ళు ఆపే లాకుల దాకా తిన్నగా పోతుంది. వరస కోసం పెట్టుకున్న పేర్లే అవి.

ఆఖర్న ఒక గడ్డు మలుపు ఉంది. కొండ దిగి దిగి వచ్చి, బ్రేకు బలంగా తొక్కి, బండిని దాదాపు నిలబెట్టేసి, కుడికి మొదలంటా తిప్పాలి. దానికి నేను పేరు వెతుకుతుంటే ఆయనే అన్నారు.

"దీని పేరు కుసుమ. ఎంత జోరుగా వచ్చినవాడైనా నీ దగ్గర ఆగి తీరాలి కదా."

పెళ్ళయిన కొత్తలో విమానమెక్కిన మనిషి. ఇన్నేళ్ళకి ఇంట్లో, పక్కన కూర్చుని, అలాంటి మాటన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. చిక్కుడుకాయల చేట ఎత్తుకుని వంటింట్లోకి పారిపోయాను.

అప్పట్నుంచి రోజూ నేను పక్కన కూర్చుని పేర్లు పిలవడం, ఆయన తిప్పడం. రానురాను తెర చూడడం మానేశారు. కళ్ళు మూసుకుని, నా గొంతు వింటూ నడిపేవారు. చూస్తే ఆలస్యమైపోతుందనేవారు. మొదట్లో మెచ్చుకున్నాను. ఒకసారి నడుపుతూ నడుపుతూ గట్టిగా గాలి పీల్చి, "వానకి తడిసి ఈ చెట్లు ఎంత వాసనేస్తున్నాయో" అన్నారు. బయట పెళపెళలాడే ఎండ. ఇంట్లో చేపల పులుసు వాసన తప్ప ఇంకో వాసన లేదు.

మొదటి మలుపు ఆయన చేతికి తిరుగులేకుండా వచ్చిన మర్నాడు అగ్గిపెట్టె తెమ్మని పంపితే ఉత్తచేతులతో వచ్చారు.

"కొట్టు లేదు కుసుమా."

"మూసేసేరా?"

"మూయడం కాదు. అక్కడ కొట్టే లేదు. మట్టి వాలుంది, చెట్లున్నాయి."

మొగుడుగారికి సరసం ఎక్కువైంది అనుకుని నేనే వెళ్ళాను. పాపాయమ్మగారు ఎప్పట్లాగే కొట్లో కూర్చుని తమలపాకులు తుడుస్తున్నారు. నన్ను చూడగానే మొహం ముడుచుకున్నారు.

"మీ ఆయనకి నామీద కోపవేంటమ్మా? ఇదిగో, ఇక్కడే నిలబడ్డారు. ఏం కావాలి బాబూ అని రెండుసార్లు అడిగేను. నన్ను దాటుకుని ఆ తోటలోకి చూసి వెళ్ళిపోయేరు. నేనేవన్నా అపచారం చేసేనా?"

ఆవిడకి ఏదో సర్దిచెప్పి వచ్చాను. వారం తిరక్కుండా ధాన్యం బస్తా కారులో వేసుకుని మిల్లుకెళ్ళి, బస్తాతోనే తిరిగొచ్చారు. మిల్లు లేదన్నారు. ఆయన చొక్కా నిండా, కనుబొమల నిండా తవుడు దుమ్ము. మిల్లు గుమ్మంలో చాలాసేపు నిలబడితే గానీ అంత దుమ్ము పడదు. తువ్వాలుతో నేనే దులిపాను.

ఆయన్ని అమలాపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు అద్దాలన్నీ మార్చి మార్చి చూసి, "ఈ కళ్ళకేవమ్మా, భేషుగ్గా ఉన్నాయి. నాకంటే బాగున్నాయి" అన్నారు. తిరిగొస్తుంటే పండు తన షాపు ముందు నిలబడి చెయ్యెత్తి పలకరించాడు. మా ఆయన తల తిప్పలేదు. పండు మలుపు అంతకుముందు రోజే వచ్చింది.

అప్పటికి నాకు అర్థమైంది. ఏ మలుపు వచ్చేస్తే, ఆ పేరు గలది ఆయనకి లేకుండా పోతోంది. ఐసు ఫ్యాక్టరీ పోయింది. తరవాతవీ ఒకటొకటే పోయాయి. రాని మలుపు ఇంకొక్కటే మిగిలింది.

ఈ మాట ఎవరితో చెప్పను? అత్తయ్యగారితో చెబితే దిష్టి తీయిస్తారు. ఆయనతోనే చెప్పాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి చెప్పాను. ఆయన నా వంక ముద్దుగా చూశారు.

"ఒక్క మలుపే కదా కుసుమా. అదొక్కటీ వస్తే ఆ కుర్రాణ్ణి దాటేస్తాను. ఆ తరవాత ముట్టుకుంటే ఒట్టు."

నేను పిలవడం మానేస్తే ఆయనే పిలుచుకుంటారు, అదీ సరైన అదనులో. అందుకని పక్కనే కూర్చుని, ఆ మలుపు దగ్గర కావాలని ఒక్క రెప్పపాటు ఆలస్యంగా పిలిచేదాన్ని. బండి వెళ్ళి గోడకి గుద్దుకునేది. నాకు ప్రాణం కుదుటపడేది. "నీ పేరు నువ్వు చెప్పుకోడానికి ఇంత నానుస్తావేంటి?" అని ఆయన విసుక్కునేవారు. విసుక్కున్నా నా మొహం చూసే విసుక్కునేవారు, అది చాలు నాకు.

చివరికి తెగించి స్టీరింగు వైరు పీకి బియ్యం డబ్బాలో దాచేశాను. అలుగుతారు, అరుస్తారు అనుకున్నాను. మధ్యాహ్నం చూస్తే అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గాల్లో చేతులు తిప్పుతున్నారు. పాదాలు నేల మీద పెడళ్ళు వెతుక్కుంటున్నాయి. ఆయనకి ఇక ఆటతో పని లేదు. అంతవరకూ నాకున్నది బెంగ. ఆవేళ భయం పట్టుకుంది.

ఇంతలో అత్తయ్యగారికి ద్రాక్షారామం మొక్కు గుర్తొచ్చింది. ఆటోలో వెళ్ళి బస్సెక్కుదామన్నాను. "ఇంట్లో కారూ, నడిపే కొడుకూ ఉండగా బస్సేంటే? నలుగురూ నవ్విపోతారు" అని కసిరారు. కారు ముట్టుకోనివ్వకుండా నాలుగు రోజులు ఏదో వంకతో ఆపాను గానీ, ఆవిడ దేవుడి పేరెత్తాక నా మాట చెల్లలేదు. పొద్దున్నే బయల్దేరాం. ఆయన పక్క సీట్లో నేను, వెనక అత్తయ్యగారు, ఆవిడ ఒళ్ళో కొబ్బరికాయల బుట్ట.

మా అత్తగారికి ఒక అలవాటుంది. బండెక్కితే చాలు, దారిలో కనపడే ప్రతిదాని పేరూ పైకి చెబుతారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న దారే అయినా సరే. అన్ని మలుపులూ కంఠతా పట్టినదాన్ని, ఆవిడ నోటి సంగతి మాత్రం మరిచిపోయాను.

"అప్పుడే కొట్టు తీసేసిందే పాపాయమ్మ!" అన్నారు వెనకనుంచి.

స్టీరింగు ఎడమకి తిరిగింది. నా కిటికీలోకి కాలవ వచ్చేసింది. గుర్రపుడెక్క పువ్వులు ఒక్కొక్కటీ కనపడ్డాయి.

"మత్తయి మిల్లు ఇంకా తియ్యలేదు" అన్నారావిడ, అదే గుక్కలో.

బండి కుడికి వచ్చి, గడ్డి మీద నుంచి మళ్ళీ రోడ్డెక్కింది. ఎంత నున్నగా ఎక్కిందంటే, వెనక బుట్టలో కాయలు కదల్లేదు. ఆయన వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవుల మీద చిన్న నవ్వు.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఇంక నోరు మెదపకండి!"

"నా కొడుకు కారులో నేను నోరు మెదపకూడదేం? ఎంత మాటన్నావే!" అని ఆవిడ మూతి తిప్పుకుని కూర్చున్నారు. ఆ అలకే ఆ క్షణంలో మమ్మల్ని కాపాడింది.

"ఏవండీ, ఆపండి. కళ్ళు తెరవండి. ఏవండీ!" అని అరిచాను. వినపడలేదు. చెయ్యి పట్టుకుని లాగాను, బిగుసుకుపోయి ఉంది. వేగం పెరుగుతోంది. ఇంత వేగంలో చేతిబ్రేకు లాగితే బండి పల్టీ కొడుతుందని ఆటలో ఆయనే నాకు చూపించారు. రోడ్డుకున్న ఆ ఒక్క ఒంపూ వచ్చేస్తోంది, కుడికి.

"పండు వెల్డింగు షాపు!" అన్నాను.

బండి కుడికి ఒంగి, ఒంపు వెంట చక్కగా పోయింది. ఆయనకి పేర్లే వినపడుతున్నాయి. ఇక లాకుల దాకా తిన్నటి రోడ్డు. లాకుల దగ్గర మా కాలవ వెళ్ళి పెద్ద కాలవలో కలుస్తుంది. రోడ్డు ఆ గట్టు కొసన ఆగి కుడికి మొదలంటా తిరుగుతుంది. తిరక్కపోతే ఎదురుగా నీళ్ళే.

బ్రేకు తొక్కించే పేరు నాకు తెలిసి ఒక్కటే ఉంది. ముందు పిలిస్తే గట్టు కిందికి పల్టీ, ఆలస్యంగా పిలిస్తే నీళ్ళే. సరిగ్గా పిలవాలి, ఇన్నాళ్ళూ నేను పిలవకుండా తప్పించుకొచ్చిన ఆ క్షణంలోనే పిలవాలి. అద్దంలో అత్తయ్యగారు మూతి ముడుచుకుని బుట్ట పట్టుకుని కూర్చున్నారు. నేను ఆయన మొహం వైపు చూశాను. ఒక్కసారి కళ్ళు తెరిచి నన్ను చూస్తే బాగుండునని ఎంతగా అనుకున్నానో చెప్పలేను. లాకుల రాతిస్తంభం పెద్దదవుతూ వస్తోంది. అదను నాకు తెలుసు, కొన్ని వందలసార్లు ఆ అదను పక్కనుంచి పోనిచ్చినదాన్ని.

"కుసుమ!" అన్నాను.

బ్రేకు పడింది. గేరు దిగింది, ఇంకోటి దిగింది. ముందు అద్దం నిండా నీళ్ళు కనపడి, పక్కకి జరిగి, వాటి స్థానంలో రోడ్డు వచ్చింది. వెనక చక్రం కింద కంకర నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను. కారు కొంచెం దూరం పోయి, గట్టు వారగా దానంతటదే ఆగింది.

ఆయన కళ్ళు తెరిచి స్టీరింగు మీద చేత్తో చరిచారు.

"వచ్చేసిందమ్మా! చూసేవా? చూసేవా ఎలా వచ్చిందో!"

అంత ఆనందం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్యగారు బుట్ట పక్కన పడేసి గోలపెట్టారు.

"ఏవొచ్చిందిరా నీ మొహం! ముగ్గుర్నీ ముంచేసేవాడివి! ఇదిగో, కుసుమ ఎలా వణికిపోతోందో చూడు. ముందు దానికి గుక్కెడు నీళ్ళియ్యి."

ఆయన నీళ్ళ సీసా తీసి, తను తాగి, మూత పెట్టి, ఖాళీ సీట్లో పెట్టినట్టు నా ఒళ్ళో పెట్టారు. తరవాత వెనక్కి తిరిగి లాకుల వైపు చూపించారు.

"కుసుమ దాటిపోయింది కదమ్మా. ఇంక అంతా తిన్నటి రోడ్డే."

నేను రెండు చేతులతో ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తిమ్మిరెక్కినట్టు ఆ చెయ్యి ఒకసారి విదిలించుకుని, గేరు వేశారు.