ఎడమ రెక్క

లైసెన్సు చేతికొచ్చి పదకొండు రోజులే. సుకన్య నడిపే రెండు సీట్ల చిన్న విమానంలో ఇవాళ మొట్టమొదట ఎక్కబోయేది ఎవరనుకున్నారు? కన్నతల్లి మొగిలమ్మ. ముప్పై ఏళ్లు పత్తిచేలో వంగి, పైన చప్పుడైనప్పుడల్లా నడుం పట్టుకుని ఆకాశంకేసి చూసిన మనిషి. పొద్దున్నుంచీ సుకన్య కాలు ఒక్కచోట నిలవడం లేదు.

మామునూరు రన్‌వే పక్కన విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ తడిమి చూస్తోంది. ఎగిరే ముందు పైలట్ చేసి తీరాల్సిన పని అది. ప్రొపెల్లర్, పెట్రోలు, చక్రాలు, కుడి రెక్క, తోక అయ్యాయి. ఎడమ రెక్క వైపు అడుగు వేసిందో లేదో ఫోన్ మోగింది. కేసముద్రం నుంచి చిన్నమ్మ సోమక్క వీడియో కాల్.

"ఏందే, మీ అవ్వ ఎక్కిందా? జర విమానం సూపియ్యి. వాడకట్టోళ్లంత ఈడనే ఉన్నరు."

చూపించకుండా ఉంటుందా మన పిల్ల? అటు తిప్పీ ఇటు తిప్పీ చూపించింది. ఈలోగా మొగిలమ్మ కొత్త ట్రాక్టర్‌కు చేసినట్టే విమానానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఎడమ రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం చివర కూడా ముద్దగా మెత్తింది. ఆ గొట్టంలోకి గాలి దూరితేనే లోపల స్పీడు ముల్లు కదులుతుంది. ఆమెకేం తెలుసు పాపం. తెలిసిన మనిషేమో ఫోన్‌లో నవ్వుతోంది. ఒళ్లు మండదూ మనకు?

అన్నీ చూశాననుకుంది సుకన్య. తల్లిని ఎక్కించి బెల్టు బిగించింది.

ఇంజిన్ హోరెత్తింది. రన్‌వే గీతలు చకచకా వెనక్కి పోతున్నాయి. మొగిలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. సుకన్య సంబరంగా స్పీడు ముల్లు వైపు చూసింది. సున్నా. మళ్లీ చూసింది. సున్నానే. చక్రాలు అప్పటికే తేలికవుతున్నాయి. వేగమెంతో తెలియకుండా పైకి పోతే, అది కాస్త తగ్గినా విమానం కూలిపోవచ్చు. పక్కన కన్నతల్లి ఉంది. ఇంజిన్ పవర్ మొత్తం తగ్గించేసి బ్రేకులు తొక్కింది. విమానం అటూ ఇటూ ఊగి, రన్‌వే చివర గడ్డి అంచున ఆగింది.

"ఎగిరినమా బిడ్డా?" అంది మొగిలమ్మ, కళ్లు తెరవకుండానే.

సుకన్య ఇంజిన్ ఆపి, దిగి, రెక్క కిందికి వంగి చూసింది. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏడుపొచ్చింది.

"ఎడమ రెక్క సూడనే లేదవ్వా. ఫోన్ల పడి మర్సిన. ఇయ్యాల నిన్ను సంపుతుంటి."

"నా శేతులిరగ, పసుపు రాసింది నేనే గద."

"నువ్వు రాసినా నేను సూడాలె. సూసుడే నా పని."

మొగిలమ్మ కొంగుతో బిడ్డ మొహం తుడిచింది. "సాఫ్ చేపిచ్చి మల్ల మొదటికెల్లి సూడు. ఎవలు పిలిచినా పలుకకు. నేను పిలిచినా సరే."

మెకానిక్ బాబా మియా గొట్టం ఊడదీసి కడిగి, ముల్లు కదులుతోందో లేదో రెండుసార్లు పరీక్షించి సరేనన్నాడు. సుకన్య ఫోన్ ఆపేసి ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టింది. తోక దాటాక వెనకనుంచి పిలుపు.

"బిడ్డా."

సుకన్య తల తిప్పలేదు. ఎడమ రెక్క ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమి చూసి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఏందవ్వా?"

"ఏం లేదు. పలుకుతవేమోనని సూసిన" అంది మొగిలమ్మ. విమానమెక్కి, తన బెల్టు తానే పెట్టుకుంది.