పట్టీమీది గంధం బొట్టు

నేను ఒక ముద్రణ యంత్రాన్ని. కాగితాలపై అక్షరాలు అద్దే చిన్నజాతివాణ్ణి కాను. ఆరడుగుల వెడల్పు గుడ్డమీదా ఫ్లెక్సుమీదా రంగులు చల్లి బొమ్మలు దింపే పెద్ద ప్రింటరును. సముద్రాలకు ఆవల ఒక కర్మాగారంలో పుట్టి, చెక్కపెట్టెలో శయనించి, ఓడమీద ఈ పుణ్యభూమికి వచ్చాను. హైదరాబాదులో ఒక ప్రకటనల సంస్థ నాచేత నాలుగేళ్లు చాకిరి చేయించుకుంది. ఎందరి ముఖారవిందాలనో నిలువెత్తున ముద్రించాను. ఒక వారం కూడలిలో పూలమాలలు పొందిన ఆ ముఖాలే మరుసటి వారం గేదెల పాకపై వానపట్టాలయ్యేవి. నరుల కీర్తి అట్టిది. గేదెలకైనా ఉపకరించినందుకు సంతోషించాను.

నాకంటె వేగమైనది రాగానే నన్ను లారీ ఎక్కించారు. రాజమహేంద్రవరంలో భీమేశ్వరరావు అంగడికి చేరాను. అతడు పూర్వం కుంచెతో బోర్డులు రాసినవాడు. నావంటివారు వచ్చి అతని కుంచెకు పని లేకుండా చేశారు. అయినా నాపై పగ పట్టలేదు. నేను దిగిన రోజున పాత కుంచెల కట్టను నా పక్క గోడకు వేలాడదీసి, తమ్ముడొచ్చాడని వాటితో చెప్పాడు. ఆ మాటకే నేనతనికి దాసుణ్ణయ్యాను.

ఏటా మహర్నవమినాడు ఆయుధపూజలో నా మూతమీద పసుపూ కుంకుమా పెట్టేవాడు. ఆ ఏడు మాత్రం తొమ్మిది రోజులూ పురాణం విని వచ్చాడు. దేవుడు లోపలుంటే తలుపుకు బొట్టు పెట్టడమేమిటని తోచింది. మూత ఎత్తి, అన్నిటిలో తళతళలాడుతున్నదాన్ని వెదకి, దానిమీద అర్ధరూపాయంత గంధం అలది, నడుమ కుంకుమ దిద్ది, అక్షతలు చల్లి నమస్కరించాడు.

ఆ తళతళలాడేది ఈ కొసనుంచి ఆ కొసకు బిగించిన సన్నని గాజువంటి పట్టీ. దానిమీద కంటికి ఆనని గీతలుంటాయి. గుడ్డివాడు గోడ తడుముకుంటూ నడిచినట్లు, రంగులు చల్లే నా శిరస్సు ఆ గీతలను తడుముకుంటూ నడుస్తుంది. భక్తి నా గోడకు పూత పూసింది.

మరునాడు విజయదశమి. పొద్దున్నే పేరిశాస్త్రిగారు వచ్చారు. డెబ్బై ఆరేళ్ల వయసు. పద్యనాటక సమాజానికి పెద్ద. గుండె జబ్బుతో ఆరేళ్లు రంగస్థలానికి దూరమై, ఆ రాత్రి కాకినాడ పోటీలో విదురుడి వేషం కట్టబోతున్నారు. వైద్యుడు ఈ ఒక్కసారికే అనుమతించాడట. వారి రాజసభ తెర మిద్దె కారి నానిపోయింది. తెర లేని నాటకాన్ని పోటీకి ఒప్పుకోరు. మూడింటికి వ్యాను బయలుదేరాలి; ఆలోగా కొత్త తెర దించాలి.

భీమేశ్వరరావు మీట నొక్కాడు. నా శిరస్సు కదిలి, నడిమికి వచ్చి, దడాలున ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది. అతడు నన్ను ఆర్పి, పది లెక్కపెట్టి, మళ్లీ వెలిగించాడు. తీగలు ఊడదీసి తగిలించాడు. గుడ్డచుట్ట తీసి చూశాడు. ప్రతిసారీ అదే దడాలు, అదే ఎర్రదీపం. అత్తవారింట పండుగ చేసుకుంటున్న మెకానిక్కుకు ఫోను చేస్తే, లోపలి సర్క్యూటు బోర్డు పోయి ఉంటుందనీ సోమవారం వస్తాననీ చెప్పాడు. శాస్త్రిగారు ఉత్తరీయం అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. నేనెందుకు ఆగుతున్నానో నాకు తెలుసు. లక్ష రంగులిచ్చిన బ్రహ్మ నాకు నోరివ్వలేదు.

భీమేశ్వరరావు భార్య సుభద్ర కాఫీ తెచ్చి, నాలుగోసారి ఆగిన చప్పుడు విని నిలబడిపోయింది.

“ఏవండీ, అన్నిసార్లూ ఒక్కచోటే ఆగుతుందండి. అక్కడేవుందో చూశారా?”

మూత ఎత్తారు. ఎండిన గంధం పెచ్చు ముగ్గురినీ చూసింది.

భీమేశ్వరరావు ముఖం వాడిపోయింది. “దసరా పూట నేనే పెట్టిన బొట్టు. చేత్తో ఎలా తుడవమంటావు? నావల్ల కాదు సుభద్రా.”

ఆమె కూడా చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది. తెలియకుండానే తన నుదుటి బొట్టును తాకి చూసుకుంది. గడియారం పదిన్నర చూపుతోంది.

శాస్త్రిగారు లేచారు. “భీమేశ్వరం, చవితికి మట్టి వినాయకుణ్ణి నీళ్లలో కలిపేముందు ఏం చేస్తావు?”

“ఉద్వాసన చెప్తానండి.”

“పిలిచినవాణ్ణి చెప్పకుండా గెంటితే అపచారం. మర్యాదగా సాగనంపితే, ఆపైన తుడిచేది ఉత్త గంధం. అమ్మాయీ, నాలుగు అక్షతలు పట్రా.”

నా ముందు నిలిచి, యథాస్థానానికి వేంచేయమని స్వామిని ప్రార్థించి ఆయన ఉద్వాసన చెప్పారు. చిన్న బెల్లంముక్క నైవేద్యం కూడా జరిగింది. కరెంటు తీసి, సుభద్ర నూలుగుడ్డ తడిపి పసిబిడ్డ కన్ను తుడిచినంత మెత్తగా నా పట్టీ తుడిచింది. నిన్న గంధం అలదినప్పుడు కలగని పులకింత ఆ తుడుపుతో కలిగిందంటే అపరాధం కాదనుకుంటాను.

మీట నొక్కారు. నా శిరస్సు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు హాయిగా వెళ్లి వచ్చింది. ఇక ఆగలేదు. స్తంభాలు, తోరణాలు, సింహాసనం – మూడు పట్టాలుగా రాజసభను దించాను. సుభద్ర వాటిని కలిపి కుట్టింది. రెండున్నరకు భార్యాభర్తలు చెరొక కొసా పట్టుకొని, తెర సరిపోయిందో లేదో చూడమన్నారు.

శాస్త్రిగారు తెర ముందు నిలబడ్డారు. ఆరేళ్లుగా పలకని గొంతు పలుకుతుందో లేదోనన్న భయం ఆయన కళ్లలో కనిపించింది. ఎవరూ అడగకుండానే పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదంలో గొంతు వణికింది; రెండోపాదంలో నిలదొక్కుకుంది; మూడోపాదంలో రాగం అంగడి నిండి వీధిలోకి పొంగింది. నేను ముద్రించినవాటి ముందు దండాలు చూశాను, కొట్లాటలు చూశాను. ఒకరు పాడగా వినడం అదే మొదలు.

నా పంఖా రొద శ్రుతికి అడ్డు వస్తోందని కాబోలు, భీమేశ్వరరావు తెర వదలకుండానే కాలు చాచి బొటనవేలితో నా మీట ఆర్పేశాడు. నాలుగోపాదం నేను వినలేదు.