బూట్లలో మొలిచిన తీజ్

హైదరాబాదులో మారథాన్ ఉరికి వచ్చిన తెల్లారి కూడా నీలికి బర్రెకు గడ్డి వేయక తప్పలేదు, వాకిలి ఊడ్వక తప్పలేదు. ఊడుస్తుంటే తండాలో ప్రతి ఒక్కరూ ఆగి అదే అడిగారు. ఇప్పుడేం చేస్తవు? నలభై రెండు కిలోమీటర్లు ఉరికితే మెడలో పతకం వేస్తారని ఆమెకు తెలుసు గానీ, ఈ ప్రశ్న కూడా దాంతోపాటే వేలాడుతుందని ఎవరూ చెప్పలేదు.

సలహాలకు మాత్రం కొదువ లేదు. జనగామ కాలేజీలో ఆమెకు పరుగు నేర్పిన దయాకర్ సార్ ఫోన్ చేసి, జనవరిలో ముంబై మారథాన్‌కు పోదామన్నాడు. అన్న నరేశ్ కానిస్టేబుల్ పరీక్ష రాయమన్నాడు. తల్లి రామికి ఏ సలహా చెప్పే అవసరం లేదు, కూతురు ముందే మాటిచ్చింది. ఈ ఒక్కసారి ఉరకనిస్తే చాలు, మళ్లీ పరుగు మాట ఎత్తనని, ఘనపూర్ సంబంధం చేసుకుంటానని. ఆ సంబంధంవాళ్లు తీజ్ ముగింపునాడు వస్తామన్నారు. అంటే రేపే.

ముంబై పేరు వినగానే రామికి ఒళ్లు మండింది. "ఉరకనీకి గంత దూరం పోవాల్నా? నర్సింహులపేట రోడ్డుకేమైంది?"

తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పూటపూటకూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత ఏపుగా వస్తే పిల్ల బతుకు అంత బాగుంటుందని నమ్మకం. మధ్యలో తండా విడిచిపోయే పిల్ల బుట్ట పెట్టకూడదు. పరుగు సరిగ్గా పండుగ నడుమే పడింది కాబట్టి నీలికి బుట్ట లేదు. పెళ్లయ్యాక ఇక తీజ్ ఉండదు. ఆ బాధ కొద్దీ, బయలుదేరేనాడు నానిన గోధుమలు కొన్ని తెచ్చుకుని రెండు బూట్లలోనూ వేసుకుంది. బూటులో ఇసుక రేణువుంటేనే గొడవ చేసే దయాకర్ సార్‌కు ఈ సంగతి చెప్పలేదు. ఆ గింజల మీదే అంత దూరమూ ఉరికింది.

వాకిలి ఊడ్చి తలెత్తేసరికి, చూరుకు వేలాడదీసిన బూట్లలోంచి జానెడు మొలకలు పసుపుపచ్చగా పైకి లేచి ఉన్నాయి. మంచె మీది బుట్టల్లో ఏదీ అంత ఎదగలేదు.

ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. తన బుట్టే పెద్దదనుకుంటున్న స్నేహితురాలు మౌనిక కొంచెం అలిగింది, అంతే. తండా నాయక్ తావుర్యా వచ్చి మొలకల్ని వేలితో నిమిరి, నీళ్లెవరు పోశారని అడిగాడు. చెమటేనని నీలి చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచనలో పడ్డాడు. మొలకల గురించి కాదు, బూట్లను దేవతల బుట్టల పక్కన పెట్టొచ్చా అని. చివరికి "జర పక్కకు పెట్టుండ్రి" అన్నాడు.

మర్నాడు డప్పులు మోగాయి. ముగింపునాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడగాలి. నరేశ్ చెల్లె పాదాలను తాంబాళంలో పెట్టుకుని చూస్తే గోళ్లు నల్లబడి ఉన్నాయి, మడమ మీద తోలు లేచింది. ఏటా నాలుగు చుక్కలు చల్లి లేచి వెళ్లేవాడు ఈసారి కదలలేదు. ఒక్కొక్క వేలునూ నెమ్మదిగా కడిగాడు. తండాలో ఇంకెవరి చెల్లెకూ ఇట్లాంటి కాళ్లు లేవని అతని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది. ఘనపూర్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి కూడా మెడ చాచి చూశాడు.

రామి చూసింది. ఆమె కాళ్లూ పగిలినవే, పరాయి నాట్లలో, పత్తి చేన్లలో. వాటిని ఎవరూ ఎన్నడూ పట్టి చూడలేదు. కూతుర్ని చూస్తే గర్వమనిపించింది. ఇంత గర్వం రేపట్నుంచి ఏం చేసుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

నీలి తన మొలకలు తెంచి పంచింది. మగవాళ్లు తలపాగాల్లో చెక్కుకున్నారు. ఘనపూర్ పెద్దమనిషికీ కొన్ని దక్కాయి. ఒక గుప్పెడు తల్లి కొప్పులో తురిమి, ఇచ్చిన మాట తప్పనని చెప్పింది. మిగిలినవి వాగులో కలిపి, ఖాళీ బూట్లతో ఇంటికొచ్చింది.

తెల్లవారుజామున మెలకువ వచ్చినా నీలి లేవలేదు. లేచి ఏం చేయాలి? వాకిట్లో ఎవరో అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడైంది. తల్లి.

"లే బిడ్డా. కాళ్లు నిలుస్తలేవు నాకు. దమ్ము ఎట్ల పట్టాల్నో చూపియ్యి."

"యాడీ, మరి ఘనపూరోళ్లు?" యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ.

"పిలగాని నాయిన గిప్పుడే ఫోన్ చేసిండు. మొలకలు చెక్కిన తలపాగా గూడ ఇప్పకుండ, కోడి కూయకముందు సంది చేను చుట్టూ ఉరుకుతున్నడంట. పిల్ల ఉరుకుడు అయినంకనే మాట్లాడుదమన్నడు."

"నీకు మాటిచ్చిన గదా."

"నాకిచ్చింది నా దగ్గర్నే ఉండనీ. నువ్వు బూట్లేసుకో."

రామి లంగా ఎగజెక్కుకుని, చేతి కడియాలు గలగలమంటుండగా ముందు ఉరికింది. తండా మలుపు దగ్గర ఆగుతుందనుకుంది నీలి. ఆగలేదు. కొప్పులో మొలకలు ఇంకా వాడలేదు. నర్సింహులపేటలో చాయ్ బండి బిక్షపతి, రోజూ కూలీల ఆటోలో పోయే మనిషి రోడ్డు మీద ఉరికి రావడం చూసి, చేతిలో గిలాస అట్లాగే పట్టుకుని, ఎక్కడికని అడిగాడు.

రామి ఆగకుండా, వెనక వస్తున్న కూతురి వైపు ఒకసారి తిరిగి చూసి, "ముంబైకి" అంది.