ఫారంలో గడి లేని మాట

కొండ సగం దిగాక వచ్చే మలుపులో ఇంజనీరు వాళ్ల పిన్ని టీ కొట్టు ఉండేది. ఆరేళ్ల కిందట, రోడ్డు వెడల్పు చేసే ప్లాను కోసం అతను మూడు రోజులు ఆ కొట్టు బెంచీ మీదే కూర్చుని బండ్లు లెక్కపెట్టాడు. కొట్టు దగ్గర లారీలు ఆగి దారికి అడ్డమవుతున్నాయని రాసుకున్నాడు.

"నా టీ ఏమన్నా అమృతమా నాన్నా, దానికోసం ఆగడానికి?" అంది పిన్ని గ్లాసు అందిస్తూ. "బ్రేకులు చల్లారాలని ఆగుతారు. అదీ రాయి."

"ఫారంలో దానికి గడి లేదు పిన్నీ," అని నవ్వేశాడు. సొంత పిన్ని కొట్టని వెనకేసుకొచ్చాడంటారేమోనన్న బెదురు లోపల ఉండనే ఉంది.

కొట్టు తీసేశారు. రోడ్డు అద్దంలా తయారైంది. లారీలు ఆగకుండా దిగడం మొదలుపెట్టాయి.

ఈ ఏడాది మూడో లారీ లోయలో పడ్డాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంజనీరు మళ్లీ ఆ మలుపుకి విచారణ కాగితాలతో వచ్చాడు. సంగతి తెలిసి పిన్ని కింద ఊళ్లోంచి ఫ్లాస్కు పట్టుకొచ్చింది. ఎప్పటిలాగే టీ పోసిచ్చింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

ఈసారి ఫారంలో 'ప్రమాద కారణం' అని పెద్ద గడే ఉంది. గ్లాసులో టీ చల్లారిపోయింది గానీ, ఆ గడిలో తన పేరు రాయడానికి అతనికి చెయ్యి రాలేదు.