లేని బావమరిది

తాళాల మేస్త్రికి బావమరిది లేడు. అతని భార్య పుట్టింట్లో ఒక్కగానొక్క పిల్ల. అయినా ఆ వారమంతా మేస్త్రి కనబడ్డవాళ్ళనల్లా అడిగింది ఆ లేని బావమరిది కోసమే. "తాగుడు మానాలనుకునేవాళ్ళు ఎక్కడో కలుస్తారటగా? మా బావమరిదికి కావాలి లెండి" అంటాడు. మందుల షాపాయన మేస్త్రి ఎర్రటి కళ్ళలోకి చూసి, "అయ్యో పాపం, మీ బావమరిదికా!" అని నవ్వు మీసాల్లో దాచుకుని, 'ఆదివారం పది గంటలు, లైబ్రరీ మేడ మీద గది' అని చీటీ రాసిచ్చాడు.

ఇంతకీ మనవాడు వెలగబెట్టిన ఘనకార్యం చెప్పొద్దూ? పది రోజుల కిందట పట్టపగలే పూటుగా తాగి ఇంటికొచ్చాడు. తలుపుకు తాళం. జేబులో తాళంచెవి దొరకలేదు. దొరక్కపోతే ఆయనకేం లెక్క? ఇనపతీగ తీసి రెండు నిమిషాల్లో తలుపు తెరిచి, మంచమెక్కి గురక పెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ ఆ ఇల్లు ఆయనది కాదు, ఎదురింటి హెడ్‌మిస్ట్రెస్‌ది. బడి నుంచి వచ్చిన ఆవిడ, తన దుప్పటి ముసుగేసుకున్న మేస్త్రిని చూసి పెట్టిన కేకకు వీధంతా పోగైంది. మేస్త్రి భార్యకు తల కొట్టేసినంత పనైంది.

ఆమె ఆసుపత్రిలో నర్సు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ, వేరే ఎక్కడా దొరకనట్టు మొగుడికి పోటీ దుకాణంలోనే కొత్త తాళంకప్ప కొనుక్కొచ్చింది. అతని పక్కబట్టలు మూటగట్టి చేతికిచ్చింది.

"మానిపించే మీటింగులు ఉన్నాయట. వాటికి వెళ్ళు, తర్వాత ఇంటికి రా. వెళ్ళనంటావా, ఇక నీ కొట్టే నీ ఇల్లు."

"ఆ డొక్కు కప్పా నన్నాపేది? రెండు నిమిషాలు పట్టదు!"

"తీయగలవని నాకు తెలీదా? తీయకుండా ఉండగలవేమో చూద్దామని."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె గొంతు పెంచకుండా తిట్టడం అదే మొదలు. మేస్త్రికి నిజంగానే భయం వేసింది.

ఆదివారం వచ్చింది. రెండు రోజులుగా చుక్క ముట్టకుండా లైబ్రరీ మెట్లెక్కాడు. చూస్తే మేడ మీది గది మూసి ఉంది, బయట ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. మీటింగు నడిపే రిటైర్డు బస్సు డ్రైవరు చేతిలో సగం తాళంచెవి ఉంది. మిగతా సగం తాళంలో విరిగిపోయింది.

"ఇవాళ్టికి లేనట్టేనా?" అన్నాడొక పెయింటరు. అతని చూపు అప్పుడే మెట్ల దగ్గరి కిటికీలోంచి సందు చివరి బారు మీద వాలింది.

మేస్త్రి మనసు గంతులేసింది. మీటింగు లేకపోతే తన తప్పేముంది! మరుక్షణం భార్య మొహం గుర్తొచ్చింది. మీటింగు లేకపోతే ఇల్లూ లేదు.

"జరగండి. నేను తాళాల మేస్త్రిని" అని తీగ తీశాడు. "మా బావమరిది గురించి కనుక్కుందామని వచ్చాన్లెండి."

"ఓహో, బావమరిదా!" ఎనిమిదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

తీగ తాళం చుట్టూ తిరుగుతుందే గానీ కన్నంలోకి పోదే! చెయ్యి ఒకటే వణుకు. నుదుటికి చెమట పట్టింది. "మెట్లెక్కి వచ్చాను కదా..." అని నీళ్ళు నమిలాడు.

డ్రైవరు వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. పెయింటరు మోచెయ్యి పట్టాడు. "కానీ మేస్త్రీ, మాకూ ఇలాగే వణికేవి" అన్నారెవరో వెనకనుంచి. రెండు నిమిషాల మొనగాడికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

లోపల గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. అతని వంతు వచ్చింది.

"మా బావమరిది..." అని మొదలుపెట్టి ఆగాడు. "బావమరిది లేడండీ. తాగేది నేనే."

"మా మేనమామ కూడా ఈ గదిలోనే పోయాడులే, పదకొండేళ్ళైంది" అన్నాడు డ్రైవరు, టీ అందిస్తూ. గది నవ్వులతో గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

తిన్నగా ఇంటికొచ్చాడు. భార్య ఇంకా డ్యూటీలోనే ఉంది. వాన జల్లు మొదలైంది. తాళం వంక చూస్తే చెయ్యి ఊరుకోదని దానికి వీపు తిప్పి మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏం మేస్త్రీ, మా తలుపు తీయడం వచ్చింది గానీ మీ తలుపు తీయడం రాదా?"

"వచ్చండీ. తీయకూడదు."

హెడ్‌మిస్ట్రెస్ కిటికీ రెక్క మెల్లగా దగ్గరికి వేసింది.

రెండు గంటల తర్వాత భార్య గొడుగేసుకుని వచ్చింది. ముందు తాళం వంక చూసింది, తర్వాత మొగుడి వంక.

"జేబులో తీగ లేదా?"

"ఉంది."

ఆమె సంచిలోంచి తాళంచెవి తీయలేదు. వేలితో కప్పను అలా లాగింది. ఊడి చేతిలోకి వచ్చేసింది. మేస్త్రి నోరెళ్ళబెట్టాడు.

"పొద్దున నొక్కకుండా ఊరికే తగిలించి వెళ్ళాను. చెయ్యేస్తే తెలిసిపోయేది నీకు" అంది. కప్పను అరచేతిలో తిప్పి చూసింది. "ముట్టుకోనే లేదన్నమాట."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని, అంతలోనే కొంటెగా చూసింది.

"అవునూ, నాకు తెలీకుండా నాకో తమ్ముడున్నాడటగా? మందుల షాపాయన చెప్పాడు."

"ఉండేవాడే పాపం" అన్నాడు మేస్త్రి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. "ఇవాళ పొద్దున పోయాడు."