రెండో రొట్టె ఎవరికి?

ఉదయం పది దాటినా ఫెర్మీన్ ఇంటి కిటికీ షట్టర్ పైకి లేవలేదు. ఇరవై ఏళ్లుగా అది ఏడింటికల్లా గరగరమంటూ లేచేది. బేకరీ లెయోకాడియా తలుపు పిడికి తగిలించి వెళ్లిన సంచీ కూడా అలాగే వేలాడుతోంది. అందులో రెండు రొట్టెలు.

ఎదురింటి ఓబ్దూలియాకు కాలు నిలవడం లేదు. కానీ వెళ్లకూడదు.

మా ఊళ్లో ముందుగా ‘కురియోసిదాద్’ అంటే చాలు, ఎవర్ని ఏదైనా అడగొచ్చు. తెలుసుకోవాలనే సరదా తప్ప మరేం లేదని దాని అర్థం. ఎదుటివాళ్లు నొచ్చుకోకూడదు. కిందటి వారం ఓబ్దూలియా బేకరీలో పదిమంది ముందు అడిగేసింది.

“ఉత్త కురియోసిదాద్, ఫెర్మీన్. మీ ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆ రెండో రొట్టె ఎవరికి?”

ఫెర్మీన్ ముఖం కందిపోయింది. “ఇంకోసారి నా ఇంట్లోకి తొంగిచూశావంటే నీకూ నాకూ మాటల్లేవు.”

ముప్పై ఏళ్ల స్నేహం. ఆ సాయంత్రం నుంచి వీధిలో ఆమె కుర్చీ పక్కన అతని కుర్చీ లేదు.

“పోనీలే అక్కా, నిద్రపోతున్నాడేమో. మళ్లీ మాట పడతావా?” అంది మళ్లీ అటుగా వచ్చిన లెయోకాడియా.

“పడితే పడతాను. మనిషే పడిపోయి ఉంటే?”

అతని ఇంటి తాళంచెవి ఆమె వంటింటి మేకుకే ఉంది. అలిగినవాడు దాన్ని మాత్రం వెనక్కి అడగలేదు.

లోపల మంచం నలగలేదు. బల్ల మీద రెండు కంచాలు, రెండు ఖాళీ గ్లాసులు. అంతలో సామాన్ల గది లోంచి ఎవరో తలుపు బాదారు.

ఓబ్దూలియా బయటి పిడి తిప్పింది. ఫెర్మీన్ నిలబడి ఉన్నాడు, ఊడొచ్చిన లోపలి పిడి చేతిలో పట్టుకుని. వెనక మందుల షాపు అసున్సియోన్, భుజాల చుట్టూ బల్లగుడ్డ కప్పుకుని. పక్కన సగం తినేసిన, ఉప్పేసి ఎండబెట్టిన పంది తొడ.

“రాత్రి వైన్ కోసం వచ్చి ఇరుక్కుపోయాం,” అన్నాడు ఫెర్మీన్. “ఇంతసేపా రావడానికి? రోజూ ఏడింటికే నా షట్టర్ చూస్తావుగా.”

“తొంగిచూడొద్దన్నది ఎవరు మరి?”

అసున్సియోన్ పకపకా నవ్వింది.

ఓబ్దూలియా సంచీ తెచ్చి బల్ల మీద పెట్టి, నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేసి గుమ్మం వైపు నడిచింది.

“ఎక్కడికి?” ఫెర్మీన్ కుర్చీ జరిపాడు. “కూర్చో. అడుగు.”

కురియోసిదాద్ అనడం కూడా మరిచిపోయి కూలబడింది ఓబ్దూలియా.

“ఎప్పట్నుంచి?”